బర్చ్ చెట్టు చుట్టూ కాలిబాట

ఆ శనివారానికి వీరాంజనేయులు వేసుకున్న పథకం చిన్నది. ఏడింటికి నళినికి ఫోన్, తొమ్మిదింటికి క్షవరం, పదకొండింటికి ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు, మధ్యాహ్నం నిద్ర. పడమటి తీరాన అతనున్న బాతెల్‌లో ఏడంటే, తూర్పు తీరాన ఆమె ఉన్న ఆష్‌బర్న్‌లో పది. ఆ మూడు గంటల తేడాని అతను పదమూడు నెలలుగా మోస్తున్నాడు.

నళిని అతని భార్య. ఆమె కంపెనీ ఉన్నట్టుండి ఆమె టీమ్ మొత్తాన్నీ వర్జీనియాకి తరలించింది. గ్రీన్ కార్డ్ కాగితాలు ఆ కంపెనీ చేతిలో సగంలో ఉన్నాయి. మానేస్తే మళ్లీ మొదటికి. అతని ఉద్యోగం చూస్తే ఇక్కడ. సూట్‌కేస్ సర్దుకుని బయల్దేరే రోజు ఆమె తాళాల గురించి చెప్పలేదు, పొయ్యి గురించి చెప్పలేదు. కారెక్కుతూ, "చెట్టు జాగ్రత్త" అంది.

చెట్టంటే ఇంటి ముందు పచ్చికలో ఉన్న బర్చ్. ఇల్లు కొన్న ఏడాది ఆమే నర్సరీ నుంచి కారు మీద కట్టుకొచ్చి నాటింది. తెల్లటి బెరడు కాగితంలా పొరలు లేస్తుంది. ఏ మాత్రం గాలి తగిలినా ఆకులన్నీ ఒకేసారి వణుకుతాయి.

వీరాంజనేయులికి ఒకచోట కూర్చుని ఫోన్ మాట్లాడటం చేతకాదు. ఇంట్లో తిరుగుతూ మాట్లాడదామంటే ఏ గదిలోకి వెళ్లినా అక్కడ ఆమె లేదు. అందుకని చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని, చెప్పులు విడిచి, చెట్టు చుట్టూ తిరుగుతూ మాట్లాడేవాడు. రోజూ గంట. సెలవైతే గంటన్నర. "వచ్చెయ్" అనే మాట ప్రతిరోజూ నోటి చివరిదాకా వచ్చేది. అది బయటపడితే అక్కడ ఆమె ఆఫీసు మానుకుని ఏడుస్తుందని తెలుసు. మింగేసి ఆకుల సంగతి చెప్పేవాడు.

ఆ పొద్దున ఆకులు చూపిద్దామని కెమెరా ఎత్తబోయి ఆగిపోయాడు. చెట్టు తలకాయ పసుపుపచ్చగా మారి ఉంది. శిఖరాన రెండు కొమ్మలు ఒట్టి పుల్లలు. గబుక్కున ఫోన్‌ని మాను దగ్గరికి దించాడు.

"పైకి చూపించవేం?" అంది నళిని.

"ఎండ పడుతోంది."

"ఎప్పుడూ మబ్బుండే బాతెల్‌లోనా?"

క్షవరం రద్దయింది. ఇంటర్నెట్ తిరగేస్తే కంచురంగు పురుగొకటి ఉందని తెలిసింది. అది బర్చ్ మానుని లోపల తొలిచి, పై కొమ్మల నుంచి ఎండబెట్టుకుంటూ కిందికొస్తుందట. బెరడు మీద ఇంగ్లీషు డి అక్షరంలాంటి చిల్లులు కనిపిస్తే ఇక చెట్టు మీద ఆశ వదులుకోవచ్చట. నిచ్చెన వేసి, భూతద్దం పట్టి జానెడు జానెడు వెతికాడు. ఒక్క చిల్లూ దొరకలేదు. దొరక్కపోవడం వల్ల అనుమానం ఇంకా పెరిగింది. దొరికింది మాత్రం ఆకుల వెనక జిగురు, దాని కోసం మాను మీద బారులు తీరిన చీమలు. అది పేనుబంక. పల్నాడులో నాన్న మిరపతోటలో దాన్ని చూస్తూనే పెరిగాడు.

పాత శత్రువు కనబడేసరికి అతనిలో రైతు లేచాడు. మిట్టమధ్యాహ్నం వేపనూనెలో సబ్బు కలిపి మందు కొట్టాడు. చీమలు ఎక్కకుండా మానుకి ఆముదం పూసిన గుడ్డ చుట్టాలి. మిరపతోటల్లో జిగురు అట్టలు పసుపురంగువే కడతారు కాబట్టి ఇంట్లో పసుపు గుడ్డ కోసం వెతికితే బీరువాలో ఒక చున్నీ దొరికింది. సాయంత్రానికి ఆకులు మాడాయి. చున్నీ మాత్రం చక్కగా కుదిరింది.

ఎదురింట్లో ఉండే లక్ష్మీకాంతమ్మ ఇదంతా కిటికీలోంచి చూస్తూనే ఉంది. కొడుకు కౌశిక్ దగ్గర ఉంటోందావిడ. ఈ కుర్రాడు రోజూ పొద్దున్నే చెప్పులు విడిచి చెట్టు చుట్టూ తిరుగుతాడు. పెదాలు కదులుతుంటాయి, పక్కన మనిషి ఉండడు. ఒక్కోసారి మానుకి చెయ్యి ఆనించి కళ్లు తుడుచుకుంటాడు. ఇప్పుడు పసుపు గుడ్డ కూడా కట్టాడు. ఈ దేశంలో ఉన్న మగాడు ఇంత నిష్ఠగా దేనికి మొక్కుకుంటాడో ఆవిడకి ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు.

కౌశిక్ హెచ్-వన్ వీసా పొడిగింపు నాలుగు నెలలుగా ఆగి ఉంది. సోమవారం వీరాంజనేయులు ఆఫీసుకి వెళ్లాక ఆవిడ రోడ్డు దాటి, ఎవరూ చూడకుండా పదకొండు చుట్లు తిరిగింది. సందు చివర ఇంటింటి ఉత్తరాలకీ కలిపి ఒకే ఇనప పెట్టెల వరస ఉంటుంది. మంగళవారం అందులో అప్రూవల్ కాగితం వచ్చింది. దాని మీద తేదీ అంతకు ముందు వారానిది. తేదీలు ఆవిడ చదవదు. చుట్ల సంగతి మాత్రం తెలిసినవాళ్లందరికీ ఫోన్ చేసి చెప్పింది.

మరుసటి శనివారం వీరాంజనేయులు తలుపు తీసేసరికి మెట్ల ముందు పద్దెనిమిది జతల చెప్పులు, బూట్లు వరసగా ఉన్నాయి. పచ్చిక మీద జనం నెమ్మదిగా తిరుగుతున్నారు. ఒకావిడ చిన్న గిన్నెలో పాలు తెచ్చి చెట్టు మొదట్లో పోస్తోంది. అతన్ని చూసి అందరూ దారిచ్చారు.

"బాబూ, రోజుకెన్ని చుడతావు?" అని అడిగింది లక్ష్మీకాంతమ్మ.

అతను అలవాటుగా అడుగులు లెక్కపెట్టే చేతి గడియారం చూసుకుని, అబద్ధం ఎందుకని, "రెండొందల దాకా ఉంటాయాంటీ" అన్నాడు.

గుంపులో గౌరవం పాకింది. అది మొక్కు కాదని అతను చెప్పబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపింది. "చెప్పకు. ఫలించేదాకా మొక్కు బయటపెట్టకూడదు." అందరూ ఔనన్నారు. అక్కడున్న అంతమంది ముందూ, నేను నా భార్యతో మాట్లాడుకుంటానంతే అని చెప్పడానికి అతనికి సిగ్గేసింది. వీసా కోసం తిరిగేవాణ్ణి చూసి ఎవరూ నవ్వరు. పెళ్లాం కోసం తిరిగేవాణ్ణి చూసి నవ్వుతారు.

ఆగస్టంతా జనం వచ్చారు. వారాంతాల్లో పక్క ఊరు రెడ్మండ్ నుంచి కూడా కార్లొచ్చేవి. ఒకాయన మ్యాప్‌లో గుర్తు పెట్టాడు. పాలకీ కొబ్బరినీళ్లకీ కొత్త చీమలు చేరాయి. చెట్టు సగం దాకా ఎండింది. అన్నిటికన్నా పెద్ద నష్టం, వీరాంజనేయులికి నళినితో మాట్లాడుకునే గంట పోయింది. భక్తుల మధ్య ఫోన్ మాట్లాడలేక గరాజ్‌లో కారుకీ వాషింగ్ మెషీన్‌కీ మధ్య నిలబడేవాడు. నిలబడితే అతనికి మాటలు రావు. ఏడు నిమిషాల్లో ఫోన్ అయిపోయేది.

"చెట్టు దగ్గర లేవా?" అని నళిని అడిగింది ఒకరోజు.

"దోమలు" అన్నాడు.

ఇన్ని నెలల్లో మొదటిసారి ఆమే ముందు ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం ఆమె నుంచి ఒక ఫోటో వచ్చింది. ఆష్‌బర్న్‌లో ఎవరో వాట్సాప్‌లో పంపారట. కింద 'బాతెల్ వీసా చెట్టు, పదకొండు చుట్లు, గ్యారంటీ' అని రాసి ఉంది. ఫోటోలో బోడితల బర్చ్, చుట్టూ నలభై మంది. దాని కింద నళిని ఒకే మాట రాసింది: "అది నా చున్నీ." అతను పదిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు.

శనివారం పదింటికి, అతను పిలిపించిన చెట్ల వైద్యం చేసే ఆర్బరిస్ట్ వచ్చింది. మార్గరెట్ అనే పొడుగాటి పెద్దావిడ, మోకాళ్ల దగ్గర మట్టి మరకలు. భక్తుల్ని పక్కకి జరగమని మర్యాదగా చెప్పింది. మాను చుట్టూ చూసి, తొలిచే పురుగు లేదంది. బెరడు పొరలు లేవడం జబ్బు కాదు, దాని స్వభావం అంది. పేనుబంక గొట్టంతో నీళ్లు చిమ్మితే పోతుంది, దానికి చెట్టు చావదు అంది. ఆకుల మాడు మాత్రం మధ్యాహ్నం ఎండలో నూనె కొట్టినవాడి పుణ్యం అంది. ఆ తర్వాత జేబులోంచి పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి నేలలో గుచ్చింది. బెత్తెడు కూడా దిగలేదు.

అప్పుడే వీధిలో టాక్సీ ఆగింది. నళిని దిగి, సూట్‌కేస్ అక్కడే వదిలేసి, వచ్చి గుంపు వెనక నిలబడింది.

మార్గరెట్ నేల చూపించి చెప్పుకుపోయింది. బర్చ్ వేళ్లు నేల పైపొరలోనే పాకుతాయి. వాటికి చల్లదనం, తడి, గాలి కావాలి. నేల అణిగిపోతే మూడూ అందవు, చెట్టు తల నుంచి ఎండుతుంది. ఈ వెడల్పాటి తొక్కుడు కొత్తది, నెల నాటిది. కానీ లోపల, మానుకి బారెడు దూరంలో అడుగు వెడల్పున ఇంకో బాట ఉంది, చూడండి, నున్నగా. ఇది ఏడాది పైమాట. ఒక్క మనిషిదే. ఎవరిదిది?

వీరాంజనేయులు ఆ బాట వంక చూశాడు. ఎడ్లని గుండ్రంగా తిప్పి తిప్పి నాన్న కళ్లం గట్టిచేయడం గుర్తొచ్చింది. కళ్లంలో గడ్డి కూడా మొలవదని పుట్టినప్పట్నుంచీ తెలిసినవాడు, తనే ఎద్దయి తిరిగాడు.

"నాదే" అన్నాడు.

"ఏడాది నుంచీనా బాబూ?" అంది లక్ష్మీకాంతమ్మ, ఆ నిష్ఠకి దణ్ణం పెట్టబోతూ.

"మొక్కేం లేదాంటీ. నళినితో ఫోన్ మాట్లాడతా. అంతే."

ఎవరూ నవ్వలేదు. నళిని గుంపుని తప్పించుకుని ముందుకొచ్చింది. మానుకి ఉన్న చున్నీని చూసింది, బోడి కొమ్మల్ని చూసింది, నేల మీది బాటని చూసింది. చూపుతోనే దాని వెంట ఒక చుట్టు తిరిగొచ్చింది.

"అయితే నా చెట్టుకి పట్టిన పురుగు నువ్వన్నమాట." "ఇంత తిరిగిందీ నాకు ఆకుల సంగతి చెప్పడానికేనా?"

"వచ్చెయ్ అని చెప్పలేక" అన్నాడు వీరాంజనేయులు.

"మా కింది ఫ్లాట్‌వాళ్లు నా మీద రెండుసార్లు కంప్లెయింట్ ఇచ్చారు" అంది నళిని. "రోజూ పొద్దున పదింటికి పైన ఎవరో గుర్రాన్ని తోలుతున్నారట."

మార్గరెట్‌కి తెలుగు రాదు. అయినా అంతవరకూ ఆగి, అప్పుడు మందు చెప్పింది. చెట్టు చుట్టూ పదడుగుల మేర మనిషి కాలు పెట్టకూడదు. చెక్కపొట్టు పరిచి, వారానికోసారి నెమ్మదిగా, లోతుగా నీళ్లు పెట్టాలి. ఎండిన శిఖరం చలికాలంలో కోయాలి. బతికేదీ లేనిదీ రెండేళ్లకి తెలుస్తుంది. భక్తులు చెప్పులేసుకున్నారు. ఆ శని ఆదివారాలు మొగుడూ పెళ్లాం చెక్కపొట్టు మోసి, చుట్టూ తాడు కట్టారు. చున్నీ విప్పి ఉతికితే ఆముదం వాసన పోలేదు. నళిని దాన్ని అలాగే సూట్‌కేస్‌లో పెట్టుకుంది. నెలకో వారం ఇక్కణ్ణించి పని చేస్తానని మేనేజర్‌ని అడుగుతానంది.

"కారణం ఏం చెప్తావ్?"

"ఇంట్లో ఒంట్లో బాగోలేదని. ఎవరికని అడగరులే."

సోమవారం సాయంత్రం విమానానికి ఆమె వెళ్లిపోయింది. మంగళవారం పొద్దున ఏడింటికి వీరాంజనేయులు చెవిలో ఇయర్‌బడ్ పెట్టుకుని, తాడు దగ్గర ఒక్క క్షణం నిలబడి, వీధిలోకి నడిచాడు. సందు చివర ఉత్తరాల పెట్టెల చుట్టూ సిమెంటు నేల ఉంది. సిమెంటు కింద ఏ వేళ్లూ లేవు. దాని చుట్టూ తిరుగుతూ, ఆకుల సంగతి ఎత్తకుండా, గంటసేపు మాట్లాడాడు.

శుక్రవారానికి ఆ పెట్టెలకి ఎవరో పసుపు రాసి బొట్లు పెట్టారు.