నూటికి నూరు నిజాయితీ

హోటల్ మేనేజ్‌మెంట్ విద్యార్థుల్లో ఏ దేశంవాళ్ళకి నీతి ఎక్కువో తేల్చడానికి అంతర్జాతీయ సర్వే జరిపిస్తున్నామనీ, అందులో మన పిల్లలకి నూటికి నూరు వచ్చిందనీ మంత్రిగారు శాసనసభలో ప్రకటించారు. సర్వే ఆ తర్వాతి నెలలో జరిగింది. ఇంత ముందుచూపున్న నాయకుడు దొరకడం మన భాగ్యమని కాలేజీ డైరెక్టరుగారు నోటీసు బోర్డులో పెట్టించారు.

సర్వే పని ఎథిక్స్ మాస్టారి నెత్తిన పడింది. పదకొండేళ్ళుగా ఆయన అక్కడ నీతి బోధిస్తున్నారు, ఏటేటా పొడిగించే కాంట్రాక్టు మీద. ఇది సవ్యంగా గట్టెక్కిస్తే పర్మనెంట్ చేయిస్తానని డైరెక్టరుగారు మాటిచ్చారు. మాస్టారు ఆ రోజే ఇంటికెళ్ళి భార్యకి చెప్పేశారు. ఆవిడ అప్పుడే పుట్టింటికి ఫోన్ చేసేసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

ప్రశ్న ఒకటే. గది ఖాళీ చేసిన అతిథి ఉంగరం మరిచిపోయాడు, నువ్వేం చేస్తావు? కాలేజీలో చదివే విదేశీ పిల్లలు తలో రకంగా రాశారు. ఒక దేశంవాళ్ళు సూపర్‌వైజర్‌కి అప్పగిస్తామన్నారు. ఇంకో దేశంవాళ్ళు అతిథికే ఫోన్ చేస్తామన్నారు. మూడో దేశంవాళ్ళు రూల్సులో ఏముందో చూస్తామన్నారు. నాలుగో దేశంనుంచి వచ్చినవాడు ఒక్కడే, వాడు సెలవు మీద ఇంటికెళ్ళాడు. మన పిల్లలు నూటపన్నెండు మందిలో నూటపదకొండు మంది, 'అతిథి సొత్తు నాకు విశంతో సమానం' అని రాశారు. అందరూ 'విషం'లో అదే తప్పు రాశారు. ముందురోజు ఆ జవాబు బోర్డు మీద రాసిపెట్టేటప్పుడు మాస్టారి మనసు మనసులో లేదు.

మిగిలిన ఒక్కతీ రెండో సంవత్సరం అమ్మాయి. తల్లి ఆ కాలేజీ లాండ్రీలోనే ఇస్త్రీ చేస్తుంది. 'ముందు నా వేలికి పెట్టుకుని చూసుకుంటాను. కాసేపు అద్దం ముందు నిలబడతాను. తర్వాత తీసుకెళ్ళి రిసెప్షన్‌లో ఇచ్చేస్తాను' అని రాసింది.

ఆ కాగితం మాస్టారు రెండుసార్లు చదువుకున్నారు. పదకొండేళ్ళలో తన క్లాసు ఎవరో ఒకరు విన్నారని ఆయనకి మొదటిసారి అనిపించింది. అదే డైరెక్టరుగారికి చెప్పబోయారు.

"నిజం రాసిందండీ పిల్ల."

"నిజం ఎవరడిగారు? మనం అడిగింది నీతి," అన్నారు డైరెక్టరుగారు.

మాస్టారు అమ్మాయిని స్టాఫ్‌రూమ్‌కి పిలిపించి, ఆ పెట్టుకోవడం ఒక్కటీ కొట్టేయమని బతిమాలారు. ఇచ్చేస్తాననే రాశాను కదా అంది అమ్మాయి. ఆయన తన కాంట్రాక్టు సంగతి కూడా చెప్పుకున్నారు. అమ్మాయి పెన్ను తీసింది, చాలాసేపు పట్టుకుంది, మూత పెట్టేసింది.

"పెట్టుకుంటాను మాస్టారూ. కొట్టేస్తే అబద్ధమవుతుంది. మీరు చెప్పిందే కదా."

చెప్పినట్టు ఆయనకీ గుర్తొచ్చింది.

అమ్మాయిని కాలేజీలోంచి తీసేద్దామా అని ఆలోచించి, మానవతా దృక్పథంతో డైరెక్టరుగారు ఆ పని మానుకున్నారు. సర్వే పట్టికలో నాలుగో దేశం వరస ఎలాగూ ఖాళీగా ఉంది. అమ్మాయి కాగితాన్ని అందులోకి మార్చమన్నారు. మాస్టారు మార్చారు. మనవాళ్ళకి నూటపదకొండుకి నూటపదకొండు, నూరు శాతం.

అభినందన సభకి మంత్రిగారు స్వయంగా వచ్చారు. ఓడిన దేశాలకి కూడా జ్ఞాపికలిచ్చే పెద్దమనసు ఆయనది. నాలుగో దేశం పేరు మైకులో రెండుసార్లు పిలిచారు. వేదిక పక్కనుంచి డైరెక్టరుగారు చెయ్యి ఊపితే అమ్మాయి లేచి వెళ్ళింది. జ్ఞాపిక అందిస్తూ మంత్రిగారు ఆప్యాయంగా, మైకులోనే పలకరించారు.

"ఎక్కడుంటావమ్మా?"

"కాలేజీ వెనక వీధిలోనండీ."

మంత్రిగారు ముగ్ధులైపోయారు. పక్కనే నిలబడ్డ మాస్టారివైపు తిరిగారు.

"ఎంత చక్కగా మాట్లాడుతోందయ్యా మన భాష. ఎన్నాళ్ళు పట్టింది నేర్చుకోవడానికి?"

అమ్మాయి మాస్టారిని చూసింది. మాస్టారు డైరెక్టరుగారిని చూశారు. డైరెక్టరుగారి చేతిలో మాస్టారి పర్మనెంట్ ఫైలుంది.

"రెండేళ్ళండీ," అన్నారు మాస్టారు.

హాలంతా చప్పట్లు మోగాయి. ఇస్త్రీ చీర నలగకుండా కుర్చీ అంచున కూర్చున్న తల్లి, పక్కావిడ వైపు వంగి నెమ్మదిగా అడిగింది.

"మా అమ్మాయిది ఏ దేశమన్నారు?"