అనుమతి లేని పాసు

చదువుల దేవుణ్ణి వరం అడగాలన్నా కొంత చదువు ఉండితీరాలని కిరిహామా తెంజిన్ గుడి పాలకమండలి ఏకగ్రీవంగా తీర్మానించింది. పాపం, వాళ్ల తప్పేం లేదు. ఊళ్లో మంచి హైస్కూలు ఒక్కటే, అందులో సీట్లు కొన్నే. ఊరందరూ ఆ సీట్ల కోసమే చెక్కపలకల మీద కోరిక రాసి గుళ్లో తగిలించేవాళ్లు. ఫలితాలు రాగానే సగం మంది దేవుడి మీద ఫిర్యాదుకి వచ్చేవాళ్లు. (దేవుడు ఇంతవరకూ వివరణ ఇవ్వలేదు.) అందుకని ఇకనుంచి పలక తగిలించాలంటే ముందు తల్లో తండ్రో గుడివారి అర్హత పరీక్ష పాసవ్వాలి.

వారం తిరక్కుండా గుడి మెట్ల కింద తల్లిదండ్రులకి కోచింగు సెంటరు వెలిసింది.

తోఫు కొట్టు నడుపుకునే సొనోబె మికియె, కూతురు చిజురు కోసం అందులో చేరింది. చదువు అబ్బాలని అందరూ నిమిరే గుడి వాకిట్లోని కంచు ఎద్దు తలని ఏ చేత్తో నిమరాలో, ఎటు నుంచి ఎటు నిమరాలో బట్టీ పట్టసాగింది. ఇంట్లో వంట చిజురు మీద పడింది.

"అమ్మా, సూపు చల్లారిపోతోంది. తిని చదువుకోరాదూ?"

"ఉండవే, ఎద్దు పాఠం ఇంకా ఒంటబట్టలేదు."

"ఇంతకీ పరీక్ష నాదా, నీదా?"

"నాది పోతే నీదీ పోయినట్టేనే, పిచ్చిదానా!" ఆ హైస్కూలు గేటు మికియె దాటింది తోఫు ఇచ్చి రావడానికే.

తీరా చూస్తే పరీక్ష పోయింది. దేవుడికి ఇష్టమైన పువ్వేదంటే 'ఉమె పువ్వు' అని రాసింది. 'ఉమె పువ్వుగారు' అని రాయాలట.

"బాధపడకండమ్మా, వచ్చే ఏడాది మళ్లీ రాయండి," అన్నాడు కోరికల విభాగాధికారి కగెయామా.

"అప్పటికి మా పిల్ల పరీక్ష అయిపోతుంది కదండీ?"

"అది విద్యాశాఖ వారి లోపం."

చిజురు పరీక్ష రాసింది. పాసయింది. మికియె ఏడుస్తూ నవ్వుతూ వీధంతా తోఫు పంచుతుంటే గుడి నుంచి పిలుపొచ్చింది.

"మీకు వరం మంజూరు కాలేదు. అయినా మీ అమ్మాయి పాసయింది," అన్నాడు కగెయామా నెమ్మదిగా. "వేరే గుడికేమైనా వెళ్లారా?"

"లేదండీ."

"చాటుగా ఎద్దు తల నిమిరారా?"

"మాకంత అర్హత ఎక్కడిదండీ!"

"మరి ఎలా పాసయింది?"

"చదువుకుందండీ."

కగెయామా నిబంధనలన్నీ తిరగేశాడు. అలాంటి కారణం ఎక్కడా లేదు. చివరికి 'పొరపాటున' అని రాసి, ముద్ర వేసి, ఇంకోసారి ఇలా జరగకుండా చూసుకోమని మందలించి పంపేశాడు.