బుచ్చన్న రెండో నెత్తురు

మల్దకల్‌లో బుచ్చన్నను ఉత్త బుచ్చన్న అని ఎవరూ పిలవరు. బెల్లం బుచ్చన్న అంటారు. పప్పుచారులో కూడా బెల్లం నలుపుకునే మనిషి. అలాంటివాడికి ఆ ఎండాకాలం ఒకటే దాహం పట్టుకుంది. చెంబెడు తాగడం, చెలకలోకి పరుగెత్తడం. ఒంటేలుకు కూర్చున్న చోటల్లా చీమలు.

ఆ చీమల్ని ముందు చూసింది భార్య తిరుపతమ్మ. ఆమె నాయన కూడా ఈ సంగతే ఎవరికీ చెప్పక, కాలు పుండుపడి కన్నుమూశాడు.

“గద్వాల దవాఖానకు పోదాం, నడువు.”

“నాకేమైంది? చీమలకు నేనంటె పాణం.”

“నాకు గూడ పాణమే. బండి కట్టు.”

జబ్బని తేలితే బెల్లం బందు. అందుకని బుచ్చన్న ఒక ఉపాయం పన్నాడు. ఊరి దేవుడు తిమ్మప్పకు ఉపాసమని చెప్పి, ముందురోజు నుంచే కడుపు మాడ్చుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచి పూట తప్పని మనిషికి హఠాత్తుగా భక్తి పుట్టడం తిరుపతమ్మ కనిపెట్టింది. మూట కట్టుకుని బండెక్కింది.

డాక్టరు పరగడుపున నెత్తురు తీసి చూశాడు. “ఇదైతే మంచిగనే ఉంది.”

బుచ్చన్న మీసం దువ్వాడు. “విన్నవా? ముత్యమసొంటి నెత్తురు!”

తిరుపతమ్మ డాక్టరు వైపు తిరిగింది. “సారూ, ఒట్టి కుండ కారుతదా? నీళ్లు పోస్తెనే గద చిల్లు తెలిసేది?”

డాక్టరు నవ్వాడు. “గందుకే రెండో పరీక్ష. తీపి పడ్డంక ఇంకోసారి తీస్త. రెండు పక్కపక్కన వెట్టి చూస్తెనే అసలు సంగతి తెలుస్తది.” గ్లాసు నిండా చక్కెర నీళ్లు ఇచ్చాడు.

బుచ్చన్న గ్లాసుతో గోడ వెనక్కి పోయి, నీళ్లన్నీ వేపచెట్టు మొదట్లో పోశాడు. తీపిని నేలపాలు చేయడం జన్మలో అదే మొదలు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మూతి తుడుచుకుంటూ వచ్చి, “మస్తు తియ్యగుండె,” అన్నాడు.

కిటికీలోంచి అంతా చూసిన తిరుపతమ్మ డాక్టరుతో ఏదో మాట్లాడి వచ్చింది. అరుగు మీద మూట విప్పింది. నెయ్యి రాసిన బచ్చాలు! బెల్లం పూర్ణం వాసన గుప్పుమంది.

“ఉపాసముంటివి, నెత్తురిస్తివి. జర తిను.”

వాళ్లు వెతికేది దవాఖాన చక్కెర. ఇంటి బెల్లం వాళ్లకెట్ల దొరుకుతుంది? ఇలా తర్కించుకుని ఒకటి తిన్నాడు. దానికి తోడుగా రెండోది. భార్య మాట కాదనలేక మూడోది.

రెండో నెత్తురు చూసి డాక్టరు తల ఊపాడు. “పొద్దుగాలదానికి దీనికి పొంతనే లేదు. చక్కెర రోగమే.”

“అదెట్ల సారూ? ఆ నీళ్లు నేను తాగనేలే, పారబోసిన!”

“ఎరుకే. మీ ఇంటామె చెప్పింది. వాటి బదులు బచ్చాలు పెట్టుమన్న. కడుపుల పడ్డంక ఏ తీపైనా ఒకటే.”

బుచ్చన్న కోపంగా భార్య వైపు తిరిగాడు. ఆమె నవ్వడం లేదు. కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది.

“మా నాయనను ఇట్ల ఎవ్వరు పట్టుకోకపోతిరి,” అంది.

బుచ్చన్న కోపం ఎటు పోయిందో తెలియదు. “వేళకు దొరికిండు. నోరు కట్టుకుంటె కాలుకు భయం లేదు,” అన్నాడు డాక్టరు.

తిరుగుదారిలో పక్కింటి ఈరన్న ఎదురయ్యాడు. “ఏమన్నరన్నా దవాఖాన్ల?”

“రెండు పరీక్షలు చేసిండ్రు, ఈరన్నా. డాక్టరు చేసినదాన్ల పాసైన.” బుచ్చన్న వెనక్కి తిరిగి, బండిలో కూర్చున్న భార్యను మురిపెంగా చూశాడు. “రెండోది మా ఆమె చేసింది. దాన్ల యాడ తప్పించుకుంట?”