పై వరుసలో బామ్మర్ది

దుమ్ముగూడెంలో టెంట్ హౌస్ నడిపే ఇబ్రహీంకు ఆ ఉదయం లెక్క స్పష్టంగా ఉంది. పొద్దున కుర్చీలూ షామియానాలూ లాల్‌సింగ్ మీటింగుకు పోవాలి. మధ్యాహ్నం అవే కుర్చీలు దుమ్ము దులుపుకుని సీతయ్య మీటింగుకు పోవాలి. ఇద్దరూ సర్పంచ్ పదవికి పోటీదారులు. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో దేవుడు పంచాయతీ ఎన్నికలు ఇచ్చాడని, ఈ సీజను కిరాయితో చిరుగులు పడ్డ షామియానాలన్నీ మార్చేయాలని అతని ఆలోచన. దానికి ఒకటే షరతు. తను ఎవరి మనిషీ కాకూడదు. అందుకని ఆ నెలంతా టీ కొట్టు దగ్గర నిలబడటం కూడా మానేశాడు, ఎవరి పక్కన నిలబడ్డా రెండోవాడు లెక్క రాసుకుంటాడని. వర్తకుడికి అభిప్రాయం ఉండటం దండగ ఖర్చని అతని నమ్మకం.

ఆ నమ్మకానికి గండి ఇంట్లోనే పడింది. అతని భార్య ఖమరున్నీసా తమ్ముడు అతీక్ ఇంగ్లండులో ఒక చిన్న పట్టణంలో ఉంటాడు. అక్కడ కౌన్సిలర్ ఒకాయన ఊరు మారిపోవడంతో ఉప ఎన్నిక వచ్చింది. అతీక్ అందులో నిలబడ్డాడు.

"నా తమ్ముడు ఇంగ్లీషోళ్ళ ఊర్ల ఎలక్షన్‌కు నిలవడితే మన సెంటర్‌ల ఒక్క ఫ్లెక్సీ లేకపాయె. నలుగురికి తెలుస్తే మనకు ఇజ్జత్ కాదా?" అని ఆమె అడిగింది. అడిగిన ప్రతి పూటా కూరలో ఉప్పు తగ్గింది. ఆ కూరలు తినడంకన్నా ఫ్లెక్సీయే చవకని ఇబ్రహీం ఒప్పుకున్నాడు.

ఫ్లెక్సీలు కొట్టే రమణ ఫొటోలు చూసి పెదవి విరిచాడు. అతీక్ పంపిన ఫొటోలో సూటూ టైయూ బాగానే ఉన్నాయి గాని, పెద్దది చేస్తే మొహం మసకబారుతోంది.

"భాయ్, నీ షాపు ఓపెనింగ్ ఫొటో ఉన్నది నా దగ్గర. దండం పెట్టుకుంట మంచిగున్నవ్. శుభాకాంక్షలు చెప్పేది నువ్వేనాయె, నిన్ను పెద్దగ ఏస్త. మీ బామ్మర్దిని పైన గుండ్రంగ పెడ్త."

"ఆయన ఊరి పేరు?"

"గంత పొడుగు పేరు యాడ పడ్తది? తీసేద్దాం."

ఇబ్రహీంకు ఇందులో తప్పేమీ కనిపించలేదు. తన ఫొటో కింద టెంట్ హౌస్ ఫోన్ నంబరు కూడా వస్తుంది కాబట్టి సగం ఖర్చు ప్రకటన కింద జమ అనుకున్నాడు.

అతను మరిచింది ఒకటుంది. ఫ్లెక్సీకి ఎవరూ రాయని చట్టం ఉంది. పై వరుసలో గుండ్రంగా ఉండేవాళ్ళు పెద్ద నాయకులు. కింద నిలువెత్తున దండం పెట్టేవాడు అభ్యర్థి. చదువు రానివాళ్ళు ఫ్లెక్సీని అలాగే చదువుతారు. చదువు వచ్చినవాళ్ళు కూడా అక్షరాల దాకా వెళ్ళరు.

ఉదయం సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. కాసేపటికే లాల్‌సింగ్ మీటింగుకు వెళ్ళిన ట్రాలీ ఆటో కుర్చీలతో సహా తిరిగొచ్చింది. వెనకే ఫోను మోగింది.

"భాయ్, కుర్చీలు వాపస్ పంపిన. పోటీల ఉన్నోని కుర్చీల మీద మావోళ్ళు కూసోరంట" అన్నాడు లాల్‌సింగ్.

"పోటీల ఎవరున్నరన్నా?"

"ఇంకా నాతోనే నాటకమా? సెంటర్‌ల దండం పెట్టేది మరి ఎవరు? వార్డు మెంబర్ అయి ఉపసర్పంచ్ మీద కన్నేసినవ్. ఒక్క మాట చెప్తే నేనే చేస్తుంటి గదా!"

ఇబ్రహీం నోరు తెరిచేలోపు ఫోను కట్టయింది. తలెత్తితే ఎదురుగా పక్క వీధి ముత్తక్క.

"భాయ్, నువ్వు నిలవడ్డవంట, సంతోషం. మా గల్లీల లైటు ఎలుగక ఎన్ని దినాలాయెనో. గెలిచినంక ఏపిస్తవా, ఇప్పుడే ఏపిస్తవా?"

"నేను నిలవడలే ముత్తక్కా!"

"అవ్ అవ్, మొదట్ల అందరు గట్లనే అంటరు. నువ్వు ఇప్పుడే ఏపియ్యి. గెలిచినంక మీరు దొరకరు."

ఆమె వెళ్ళగానే సీతయ్య తన మనుషులతో వచ్చాడు. సీతయ్య గొంతు పెంచే మనిషి కాదు. అందుకే ఇబ్రహీంకు ఎక్కువ భయమేసింది.

"నిలవడు భాయ్, నేను వద్దంటలేను. గని పైన ఉన్న ఆ సూటాయన ఎవరు? మావోళ్ళకు ఎవ్వరికీ అంతు చిక్కలే. హైదరాబాదా, ఢిల్లీయా?"

"ఢిల్లీ కాదన్నా, ఇంగ్లండు. మా బామ్మర్ది."

సీతయ్య తన మనుషుల వైపు తిరిగాడు. "ఇన్నరా? ఈయనకు పైసలు ఇంగ్లండు నుంచి వస్తున్నయ్."

"పైసలేందన్నా! ఆయన అక్కడ నిలవడ్డడు."

"అక్కడ నిలవడితే ఫ్లెక్సీ ఇక్కడెందుకు? ఇంగ్లండోళ్ళు గోదారొడ్డుకొచ్చి ఇది చూసి పోయి వోటేస్తరా?"

దీనికి జవాబు చెప్పవలసిన మనిషి లోపల వంట చేస్తోంది.

మధ్యాహ్నం మీటింగు కుర్చీలు కూడా వద్దనిపించుకున్నాయి. ఇక లాభం లేదని ఇబ్రహీం తనే నిచ్చెన వేసుకుని ఫ్లెక్సీ విప్పేశాడు. అసలు నష్టం అక్కడ మొదలైంది. అభ్యర్థి పొద్దున దండం పెట్టి మధ్యాహ్నానికి మాయమైతే ఊరు ఒకటే అనుకుంటుంది. అమ్ముడుపోయాడు.

సీతయ్య కొన్నాడని లాల్‌సింగ్ మనుషులు, లాల్‌సింగ్ కొన్నాడని సీతయ్య మనుషులు టెంట్ హౌస్ ముందుకొచ్చారు. వాళ్ళ వెనకే నాయకులిద్దరూ వచ్చారు.

"సీతయ్య నీకేమిచ్చిండు భాయ్? ఉపసర్పంచేనా?"

"నేనిస్తినా? నువ్వే ఇచ్చి నన్నంటున్నవా లాల్‌సింగూ?"

"నాకెవ్వరేం ఇయ్యలే. ఇద్దరు కుర్చీలు వాపసిచ్చిన్రు, గంతే!" అని ఇబ్రహీం అరిచాడు. నిజమే గాని ఎవరూ వినలేదు.

అప్పుడు ఖమరున్నీసా తెర తీసుకుని బయటికి వచ్చింది. చేతిలో ఫోను.

"ఏంజీ, జరుగున్రి. మా తమ్మున్నే చూపిస్త, అడుగున్రి."

వీడియోలో అతీక్ కనిపించాడు. ఫ్లెక్సీలో ఉన్న మొహమే, కాకపోతే తడిసింది. అక్కడ వాన పడుతోంది. ఒక చేతిలో గొడుగు, రెండో చేత్తో ఎవరి తలుపు సందులోనో కాగితం దూరుస్తున్నాడు. లోపల కుక్క మొరుగుతోంది.

"ఏం తమ్మీ, నిజంగనే నిలవడ్డవా?" అని లాల్‌సింగ్ అడిగాడు.

"అవ్ అన్నా. గిదే ప్రచారం."

"మరి నీ జనం ఏరి?"

"నేనొక్కన్నే. ఇల్లిల్లు తిరిగి కాయితం ఏసుడే."

"టెంటు, కుర్చీలు?" సీతయ్య కూడా ఫోను మీదికి వంగాడు.

"అవేం ఉండయన్నా."

"బిర్యానీ?"

"వోటు కోసం తినిపిస్తే కేసైతది."

"మరెట్ల గెలుస్తరు?"

"తలుపు కొడ్త. తీస్తే మాట్లాడ్త. బూట్లు అరుగుడే ఖర్చు."

నాయకులిద్దరూ తలలూపడం ఇబ్రహీం చూశాడు. నమ్మారు! తను ఎవరి మనిషీ కాదని ఊరంతటి ముందూ తేలిపోయింది. అందరికీ చాయ్ చెప్పి, "రేపు పొద్దుగాలనే ఇద్దరికీ కుర్చీలు దింపిస్తనన్నా" అన్నాడు.

"జర ఆగు భాయ్," అని లాల్‌సింగ్ సీతయ్య వైపు తిరిగాడు. "నిజం చెప్పు. నువ్వు టెంటు ఎందుకేస్తున్నవ్?"

"నువ్వేస్తున్నవని."

"నేను నువ్వేస్తున్నవని! నువ్వు మానుకుంటే నేను మానుకుంట."

"ఇంగ్లండోళ్ళే వానల తడుసుకుంట ఇల్లిల్లు తిరుగుతుంటే, ఎండ కాసే ఊర్ల మనకేం రోగం?" అన్నాడు సీతయ్య.

టెంట్ హౌస్ నడిమధ్యన, పేర్చిన కుర్చీల సాక్షిగా, ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఈ ఒప్పందం తెల్లారేసరికి చుట్టుపక్కల గూడేలకూ పాకింది. అక్కడి పోటీదారులు కూడా తాము కిరాయికి చెప్పిన టెంట్లూ కుర్చీలూ రద్దు చేయమని ఒకరి తరువాత ఒకరు ఫోన్లు చేశారు. అందరూ ఇబ్రహీం బామ్మర్దిని మెచ్చుకున్నారు.

ఎన్నికలు ముగిశాయి. ఇక్కడ సీతయ్య గెలిచాడు, అక్కడ అతీక్ గెలిచాడు. నామినేషన్ కూడా వేయకుండా డిపాజిట్ పోగొట్టుకున్నవాడు ఇబ్రహీం ఒక్కడే.