మైలో జాండా మళ్లీ చచ్చిన రోజు

ఆ ఉదయం ప్రెస్టన్ విట్‌లాక్ పెట్టుకున్న కార్యక్రమం చాలా చిన్నది. తొమ్మిదింటికి మోటెల్ హాల్లో కూర్చోవడం, పన్నెండు దాకా "కుదరదు" అనడం, ఆ తర్వాత భోజనం. గూడ్సు రైళ్ల కంపెనీ తరఫున యూనియన్‌తో బేరమాడడానికి కొత్తగా వచ్చిన పెద్దమనిషి ఆయన. నిన్నమొన్నటి దాకా బిస్కెట్ల కంపెనీలో చేశాడు. రైలింజను ఎక్కిన పాపాన పోలేదు.

ఎదుట యూనియన్ నాయకురాలు లోర్నా వర్బ్కా. ఇరవై ఏళ్లు గార్డుగా చేసి, నెబ్రాస్కా మంచునంతా నెత్తిన మోసిన మనిషి. తను చేసిన గసగసాల కొలాచీలు, అంటే తీపి బన్నులు, పళ్లెంతో సహా ఆయన ముందుకు తోసింది.

"ఏడంటే ఏడు రోజులు సార్. ఒంట్లో బాగోకపోతే జీతంతో సెలవు. మా డ్రైవరు మైలో జాండానే తీసుకోండి. హెర్నియా ఆపరేషన్ మూడుసార్లు వాయిదా వేసుకున్నాడు. నాగా పెడితే పాయింట్లు పోతాయి, పాయింట్లు అయిపోతే ఉద్యోగం పోతుంది. పొట్ట చేత్తో పట్టుకుని బండి నడుపుతున్నాడండీ!"

"కుదరదు," అన్నాడు ప్రెస్టన్, మూడో కొలాచీ అందుకుంటూ.

పన్నెండులోగా తేలకపోతే సమ్మె. పదీ నలభైకి యార్డు నుంచి ఫోనొచ్చింది. ప్రెస్టన్ స్పీకరు నొక్కాడు.

"సార్, మైలో జాండా ఊరి రైలు గేటు మీదే చచ్చాడు. కుక్కలు పట్టేవాళ్లని పంపమంటారా?"

"పాపం! ఈ వారంలో ఇది మూడోది," అని లోర్నా లేచింది. "మీరు ఆలోచించుకోండి సార్, నేను మావాళ్లతో మాట్లాడొస్తా."

రైలువాళ్ల చావు వేరు. పన్నెండు గంటలు దాటి బండి నడపకూడదని చట్టం. ఆ గంట కొట్టగానే బండి ఎక్కడుంటే అక్కడ ఆపేయాలి. దాన్నే చచ్చిపోవడం అంటారు. అలా చచ్చినవాళ్లను దించి బండి తీసుకెళ్లే కొత్త సిబ్బంది పేరు కుక్కలు పట్టేవాళ్లు. ఆ ఊళ్లో పాలుతాగే పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు. బిస్కెట్లవాళ్లకు తెలియదు.

"మనిషి పోతే కుక్కలవాళ్లా? సిగ్గులేదూ!" ప్రెస్టన్ ఫోన్లో అరిచాడు. "ఎవర్నీ పంపొద్దు! అంబులెన్సు పంపండి, పాస్టరుగారిని పంపండి!"

కొత్త సిబ్బంది ఆగిపోయారు. కాబట్టి రెండు మైళ్ల పొడవు బండి గేటు మీదే ఉండిపోయింది. కాబట్టి అంబులెన్సు ఇవతల, పాస్టరు అవతల ఇరుక్కుపోయారు. ప్రెస్టన్ సెక్రటరీ మరీ జాగ్రత్తపరురాలు. మున్సిపాలిటీకి ఫోన్ చేసి, "మీ కుక్కలు పట్టే ఆయన్ని దయచేసి గేటు దగ్గరికి పంపకండి," అంది. వద్దన్న చోటికి వెళ్లకపోతే ఆయన మున్సిపాలిటీ ఉద్యోగి ఎలా అవుతాడు? వెంటనే వ్యాను తీశాడు.

ప్రెస్టన్ మైలో భార్య బెర్నిస్‌కు ఫోన్ చేశాడు. "అమ్మా, గుండె దిటవు చేసుకోండి. మీ ఆయన... పోయారు."

"మళ్లీనా? ఖర్మ! సరే, కూర ఓవెన్లో పెడతా. వచ్చేటప్పుడు పాల డబ్బా తెమ్మని చెప్పండి," అని ఆవిడ పెట్టేసింది.

పాపం, పిచ్చెక్కిపోయింది ఆవిడకు అనుకున్నాడు. వారంలో మూడు చావులు! ఎదురుగా లోర్నా పెట్టిపోయిన ఆపరేషన్ వాయిదా కాగితాలు! రేపు పేపర్లో ఏం రాస్తారో తలచుకుని హెడ్డాఫీసుకు ఫోన్ చేశాడు. అవతలి నుంచి ఒకటే మాట. "సంతకం పెట్టి తగలెయ్! పన్నెండు కాకముందే!"

లోర్నా తిరిగొచ్చేసరికి ఒప్పందం సిద్ధంగా ఉంది. ఏడు రోజులు. ఆమె షరతులన్నీ మూడుసార్లు చదివింది, పై అట్ట మాత్రం చూడలేదు. ఇద్దరూ సంతకాలు చేశారు. అప్పటికే ప్రెస్టన్ సంతాప ప్రకటన ఉద్యోగులందరికీ, హాజరు కంప్యూటరుకు కూడా వెళ్లిపోయింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది. ఒళ్లంతా కుక్కబొచ్చుతో, పొట్ట పట్టుకుని, మైలో జాండా.

"అక్కా, ఈ కంపెనీకి మతిగానీ పోయిందా? కుక్కలు పట్టేవాళ్లొస్తారని కూర్చుంటే, నిజంగానే కుక్కల వ్యానొచ్చింది! నాతో ఉన్న గార్డుని బండికి కాపలా పెట్టి వ్యాను ఎక్కేశా. పక్కన బుల్‌డాగ్. దారంతా నా చెవి నాకింది!" అంటూ కొలాచీ నోట్లో వేసుకున్నాడు.

ప్రెస్టన్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. లోర్నా అప్పుడు అట్ట చూసింది: *కీర్తిశేషులు మైలో జాండా స్మృత్యర్థం*. నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి నవ్వుకే వచ్చినవి కావు.

"ఇది చెల్లదు! ఈయన బతికే ఉన్నాడు!" నేల మీద నుంచే అరిచాడు ప్రెస్టన్.

"సంతకం పెట్టినప్పుడు మీరు బతికే ఉన్నారుగా సార్? అది చాలు," అంది లోర్నా.

గురువారం మైలోకు ఆపరేషన్ అయింది, జీతంతో కూడిన సెలవులోనే. హాజరు పట్టీలో మాత్రం, ముందుగా తెలియజేయకుండా చనిపోయినందుకు రెండు పాయింట్లు కోసేశారు.