గునుగుపువ్వుకు మొదటి బహుమతి

సెలవుల్లో చిన్నపిల్లలకు బడివాళ్లు ఇచ్చే సైన్స్ యాక్టివిటీని మించిన వరం తల్లులకు మరొకటి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. కాదనేవాళ్లు ముందుకు రండి! ముందుగా మీ వంటింటి గట్టు చూపించండి. అది శుభ్రంగా ఉందంటే మీకు ఈ విషయం మీద మాట్లాడే అర్హత లేదు.

అసలు సెలవులు ఎందుకు? పిల్లలు ఆడుకోవడానికని పాతకాలంవాళ్లు అమాయకంగా అనుకునేవారు. ఇప్పుడు మనకు తెలిసింది. సెలవులు తల్లులు చదువుకోవడానికి!

కిందటి దసరాకు రెండో తరగతిలోపు పిల్లలందరికీ 'రావణుడి తలలు' అనే ప్రయోగం ఇచ్చారు. పది సీసాల్లో వెనిగర్ పోయాలి, పది బెలూన్లలో వంటసోడా నింపి మూతులకు తొడగాలి. బుస్సుమని పది తలలూ లేవాలి. ఆ వారం జహీరాబాద్‌లో మా చుట్టుపక్కల ఏ కిరాణా దుకాణంలోనూ వంటసోడా దొరకలేదు. బస్టాండ్ దగ్గరి మిర్చి బజ్జీలాయన రెండు రోజులు బండి పెట్టలేదు. మా వీధివాళ్ల కడుపులన్నీ రెండు రోజులు చల్లగా ఉన్నాయి. ఇది సైన్స్ సాధించిన విజయం కాదా?

మా ఇంట్లో తొమ్మిది తలలు లేచాయి. పదోది లేవకపోతే మా ఆయన నోటితో ఊది ముడి వేశారు. ట్రాక్టర్ల కంపెనీలో రోజుకు అన్ని ఇంజన్లు బిగించే మనిషి, ఒక బెలూన్ దగ్గర ఓడిపోతాడా?

ఈ ఏడాది యాక్టివిటీ పేరు 'ఫెస్టివ్ కలర్స్ ఫ్రమ్ మై కిచెన్'. తెల్లటి పువ్వును కాడతో సహా రంగునీళ్లలో నిలబెట్టాలి. ఒక పూట ఆగితే నీళ్లు కాడలోంచి ఎక్కి పువ్వుకు రంగు వస్తుంది. దాన్ని ఒక నిమిషం వీడియో తీసి, పాప ఇంగ్లిష్‌లో వివరిస్తుండగా, సద్దుల బతుకమ్మకు ముందు రోజులోగా గ్రూపులో పెట్టాలి; బాగున్నవాటికి బహుమతులు. కింద లావుపాటి అక్షరాల్లో ఒక నిబంధన: 'పేరెంట్స్ సహాయం చేయరాదు'.

ఈ మెసేజ్ వచ్చింది పేరెంట్స్ గ్రూపులో అని వేరే చెప్పాలా?

నాకైతే సంతోషంతో కళ్లు చెమర్చాయి. నేను బీఎస్సీ చదివాను. కాండంలో నీళ్లను పైకి తీసుకెళ్లే సన్నటి గొట్టాలను దారువు అంటారని మూడేళ్లు పరీక్షల్లో రాశాను. పెళ్లయిన ఈ పదకొండేళ్లలో ఆ మాట ఒక్కసారీ అవసరపడలేదు. నేను తరిగిన ఏ తోటకూర కాడా నన్ను దాని గురించి అడగలేదు. ఇన్నాళ్లకు నా డిగ్రీకి పిలుపు వచ్చింది!

బతుకమ్మ రోజుల్లో తెల్లపువ్వుకు కొరతేముంది? కోహీర్ వైపు చేను గట్ల మీద కోసిన గునుగుపూలు మా ఆయన బండి మీద రెండు మోపులు తెచ్చారు. మా అమ్మాయి సహస్ర వాటిలో తొమ్మిది ఏరుకుంది. దానికి ఏడేళ్లు. లోపల కనపడే సీసాలే కావాలన్నారు కాబట్టి నేను అల్లం పచ్చడి సీసాలు మూడు ఖాళీ చేశాను. ఆ పచ్చడిని మూడు పూటలా తినాల్సి వచ్చింది. ఇంట్లో ఎవరికీ జలుబు చేయలేదు. ఇది రెండో విజయం.

ఎరుపు, నీలం, ఆకుపచ్చ. సీసాకు మూడు పూలు. సహస్ర పీట వేసుకుని వాటి ముందు కూర్చుంది. టీవీ అడగలేదు, ఫోన్ అడగలేదు. ఇంతకన్నా ఏ తల్లికైనా ఏం కావాలి?

మర్నాడు పొద్దున చూస్తే తొమ్మిది పూలూ పాలలా తెల్లగా ఉన్నాయి.

నాకు గుండె జారింది. సహస్రకు మాత్రం ఏమీ జారలేదు. "మమ్మీ, రంగు ఎక్కడిదాంక పోయిందో సూద్దమా?" అంది. ఎర్రసీసాలోని ఒక కాడను తీసి, నేను పట్టుకుంటే, కింది నుంచి వేలు వెడల్పున ముక్కలుగా కోసుకుంటూ పోయింది. మొదటి ముక్క మధ్యలో ఎర్రటి చుక్కలు. రెండో దాంట్లో ఉన్నాయి, మూడో దాంట్లో ఉన్నాయి, నాలుగో దాంట్లో పల్చగా ఉన్నాయి. ఐదో దాంట్లో లేవు.

"ఆగిపోయింది!" అని అది ఎగిరిన ఎగురుడుకు పీట కింద పడింది. నా మూడేళ్ల డిగ్రీలో నేను ఒక్కసారి కూడా అలా ఎగరలేదు.

నోట్‌బుక్‌లో కాడ బొమ్మ వేసి, పక్కన ఇలా రాసింది: 'రంగు నాలుగు ఏళ్లు ఎక్కింది. పువ్వు దాక పోలేదు. ఎందుకో తెలవదు.' వేళ్లు అనబోయి ఏళ్లు అని రాసింది కానీ, కొలత మాత్రం సరిగ్గా వేసింది. అదే వీడియో తీసి గ్రూపులో పెట్టాను.

పది నిమిషాల్లో క్లాస్ టీచర్ నాగరాణి మిస్ వాయిస్ మెసేజ్ వచ్చింది. చాలా మర్యాదగానే మాట్లాడింది పాపం. "మేడమ్, పాప మంచిగనే చెప్పింది గని, పువ్వు తెల్లగనే ఉన్నది కదా. రిజల్ట్ కనపడాలె మేడమ్. గీ వీడియోలన్ని కరస్పాండెంట్ సార్ చూస్తరు. ఫెయిల్ అయినయి పెట్టకున్రి, జర మంచిగ వచ్చినంక తీసి పెట్టున్రి."

పక్క వాటా నుంచి గోడ మీదుగా మహబూబీ ఖాలా కూడా పలకరించింది. ఆమె మనవరాలు ఇల్మాది మా సహస్ర తరగతే. "బిడ్డా, మీది వచ్చిందా? మా ఇల్మా పువ్వు సఫేద్‌గనే ఉన్నది. గా ఫికర్‌కు పోరి అన్నం తింటలేదు!"

చూశారా, ఒక్క పువ్వు రెండు ఇళ్లను ఎలా కలిపిందో!

మధ్యాహ్నం మిద్దె మీద ఆరేసిన బట్టలు తీసుకుని దిగి వచ్చేసరికి వంటింట్లో మా అత్తమ్మ బస్వమ్మ ఉంది. బతుకమ్మకు గునుగుపూలకు రంగులు వేసే పని ఆమెది. నలభై ఏళ్లుగా ఆమెదే. సీసాల్లో మిగిలిన ఎనిమిది పూలనూ తీసేసి, ఒక్కొక్కదాన్నీ తలకిందులుగా, ఇంకాస్త రంగు కలిపిన అవే నీళ్లలో ముంచి, దులిపి, పేపరు మీద ఆరబెడుతోంది.

"ఏందే పిల్లా గిది? గునుగును కాడకెల్లి ముంచి కూసుంటరా ఎవలన్న? ఏడాదంత పెట్టినా గట్లనే ఉంటది. తల ముంచాలె, తల! రంగు సుత గింత పల్చగ కలిపినవు. గింత సదువు సదివి గీ మాత్రం ఎరుకలేదా?"

"అత్తమ్మా, అది ప్రయోగం," అన్నాను.

"ఏదైతేంది? రంగొచ్చిందా లేదా?"

వచ్చింది. అలా ఇలా రాలేదు. ఎరుపంటే ఎరుపు, నీలమంటే నీలం! గడువు ఆ సాయంత్రం ఆరు గంటలకు. నేను పూలను చూశాను. సీసాలను చూశాను. పూలు ఆరాక, కాడలు కిందికి పెట్టి మళ్లీ సీసాల్లో నిలబెట్టాను.

"మమ్మీ, గివి నానమ్మ ముంచినయి కదా?" అంది సహస్ర.

"నువ్వు ఇంగ్లిష్ చెప్పు," అన్నాను.

ఏడు టేకులు తీశాం. ఏడోసారి 'ద వాటర్ ట్రావెల్స్ త్రూ ద స్టెమ్' అని తడుముకోకుండా చెప్పింది. చివరి రెండు సెకన్లలో వెనక నుంచి అత్తమ్మ గొంతు "ఇంక ఐదు కట్టలు ముంచేదున్నది!" అని స్పష్టంగా వినపడింది. దాన్ని కత్తిరించడానికి ఒక యాప్ నేర్చుకున్నాను. చూశారా మరి, సెలవుల్లో తల్లులు ఎంత చదువుకుంటున్నారో!

మా వీడియోకు మొదటి బహుమతి వచ్చింది. తరగతి మొత్తంలో పువ్వు అంచుల దాకా రంగెక్కింది మాదొక్కటేనట. నాగరాణి మిస్ గ్రూపులో మూడు గులాబీలు, రెండు చప్పట్లు పెట్టింది. బడి తెరిచిన రోజు అసెంబ్లీలో సహస్రకు 'యంగ్ సైంటిస్ట్' సర్టిఫికెట్ ఇచ్చి, ఎలా చేశావో చెప్పమన్నారు. నేను గేటు దగ్గర నిలబడి వింటున్నాను. నానమ్మ పేరు ఎత్తుతుందేమో! ఎత్తలేదు. 'ద వాటర్ ట్రావెల్స్ త్రూ ద స్టెమ్' అని చెప్పి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ సాయంత్రం మెట్ల మీద ఇల్మా దాన్ని అడుగుతోంది, "నీదెట్ల వచ్చిందే? నాది రాలే కదా."

"కాడకెల్లి రాదు. తల ముంచాలె," అంది నా కూతురు. తర్వాత గొంతు తగ్గించి, "మిస్‌కు చెప్పకు. ఇంగ్లిష్ మంచిగ చెప్తె అడగరు," అంది.

ఆ మాట విన్నాక నేను వంటింట్లోకి వచ్చాను. గట్టు తుడిచాను. తుడిచిందే మళ్లీ తుడిచాను. ఏడేళ్ల పిల్లకు సెలవులు ముగిసేలోగా ఇంత నేర్పగలిగిన బడి ఇంకెక్కడుంది? ఆ పాఠం చెప్పింది మాత్రం బడి ఒక్కటే కాదు. 'నువ్వు ఇంగ్లిష్ చెప్పు' అన్నది నేను.

సహస్రను లోపలికి పిలిచి, ఆ నోట్‌బుక్ తెమ్మన్నాను. సర్టిఫికెట్‌ను బీరువాలో చీరల కింద పెట్టి, కాడ బొమ్మ ఉన్న పేజీని ఫ్రిజ్ తలుపుకు అంటించాను. సహస్ర అనుమానంగా చూసింది.

"మమ్మీ, గది ఫెయిల్ అయింది కదా?"

"లేదు. నానమ్మ ముంచింది ఫెయిల్ అయింది. ఇది పాసయింది. కానీ ఎందుకు ఆగిపోయిందో నాకూ తెలవదు."

"నీకు సుత తెలవదా!" అంది. దాని ముఖం అప్పుడు వెలిగినంతగా అసెంబ్లీలో కూడా వెలగలేదు. వెంటనే పరుగెత్తి ఇల్మాను పిలుచుకొచ్చింది. ఇప్పుడు మా గట్టు మీద మళ్లీ సీసాలు ఉన్నాయి. ఒకదాంట్లో తెల్ల చామంతి, ఒకదాంట్లో గునుగు, ఒకదాంట్లో ఎందుకో ఉల్లికాడ. అత్తమ్మకు ఆ వైపు రావద్దని ఇద్దరూ ఆర్డర్ వేశారు. నా ఫోన్ వేరే గదిలో ఉంది.

కాబట్టి బడి యాజమాన్యానికి నా మనవి. సెలవు యాక్టివిటీలు ఎప్పటికీ ఆపకండి, అవి వరాలే! సర్టిఫికెట్ మీద పేరు మాత్రం సవరించండి. పూలు ముంచింది బస్వమ్మ, మొదటి బహుమతి ఆవిడది. ఎడిటింగ్ నాది కాబట్టి రెండోది నాకు ఇవ్వండి. పదో తల ఊదినందుకు మా ఆయనకు కిందటేడు బాకీ ఉన్న మూడోది ఇచ్చేయండి.

సహస్రకు, ఇల్మాకు ఏమీ ఇవ్వకండి. వాళ్లకు ఇంకా జవాబు దొరకలేదు. పనిలో ఉన్నారు.