కాండిడేటు తెలుపు

ఆ సోమవారం పెదబాబు వేసుకున్న పథకం చిన్నదే. చద్దన్నం తిని, ఇస్త్రీ చొక్కా తొడిగి, పదింటికి ఆఫీసు బల్ల మీద కూర్చోవాలి. అక్కడ పనుల అజమాయిషీ ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది అతనొక్కడికే. ఫ్రెంచివాళ్ళు యానాం వదిలి ఏడాదైంది, వాళ్ళతోపాటే అతని గుమాస్తా ఉద్యోగమూ పోయింది. ఇది కూడా తప్పితే కనకాలపేటలో మావగారి కొట్లో బెల్లం తూస్తూ ఆయన సణుగుడు వినాలి. ఆ తలపుకే అతనికి కాలు నిలవలేదు.

నిలవని కాలు తిన్నగా మరియదాసు మేష్టారింటికి నడిచింది. ఫ్రెంచి బడిలో ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పి, చర్చి ఫాదరు దగ్గర లాటిన్ నేర్చిన మనిషి ఆయన.

"మేష్టారూ, ఇంగ్లీషు ఉత్తరంలో నన్ను కాండిడేటన్నారండి. మన ఫ్రెంచిలో కాందిదా అనే మాటా, ఇదీ ఒకటేనాండి?"

"ఒకటేనోయ్. ఇద్దరూ లాటిన్ నుంచి ఎత్తుకొచ్చారు. అక్కడ కాందిదుస్ అంటే ధగధగలాడే తెలుపు. రోములో పదవి అడగబోయేవాడు బట్టలకి సుద్ద రాసుకుని మరీ వెళ్ళేవాడు. ఇప్పుడా సంగతి ఎవడికి తెలుసు?"

నాకు తెలుసు కదా అనుకున్నాడు పెదబాబు. అక్కడే కొంప మునిగింది.

ఇంట్లో సుద్ద లేదు. ముగ్గుపిండి డబ్బా ఉంది. అదంతా చొక్కాకీ పంచెకీ పట్టించాడు.

"ఏటండీ ఈ అవతారం?" అంది భార్య మంగతాయారు.

"రోములో ఇంతేనే."

"మనం ఉండేది యానాంలో కదండీ."

అతను వినే స్థితిలో లేడు. రిక్షావాడు సీటు పాడవుతుందని ఎక్కించుకోలేదు. ఎండలో పరుగులాంటి నడక నడిచేసరికి చెమటకి పిండి తడిసి కనుబొమల దాకా పాకింది.

ఆఫీసు గుమ్మంలో హెడ్ గుమాస్తా వెంకటరమణ అంతకన్నా కంగారుగా ఉన్నాడు. మధ్యాహ్నం పుదుచ్చేరి నుంచి పెద్దలొస్తున్నారు, ముందు గోడకి సున్నం వేసేవాళ్ళ అజ లేదు. తెల్లగా వస్తున్న మనిషిని చూసి ప్రాణం లేచొచ్చింది.

"ఇప్పుడా రావడం? పట్టు." కుంచె, బకెట్టు చేతికొచ్చాయి.

"ఇంటర్వ్యూ అండి..."

"ముందు గోడ. తర్వాతే ఏదైనా."

ఇది మొదటి పరీక్ష కాబోలనుకున్నాడు పెదబాబు. మేష్టారు చెప్పడం మరిచినట్టున్నారు. పళ్ళు బిగించి మొదలెట్టాడు.

ఈలోగా సున్నం కాంట్రాక్టరు లక్ష్మణరావు ఇస్త్రీ చొక్కాలో పక్క గుమ్మంలోంచి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. కూలీలంతా అడవిపొలం ఊళ్ళో పెళ్ళికి పోయారని, ఒక్కరోజు గడువు అడగాలని అతని ఉద్దేశం. లోపలి ఆఫీసరు పిలిచాడు. కాయితంలో ఉన్నది ఒక్క పేరే కనక పేరు అడగలేదు.

"ఫ్రెంచి వచ్చా?"

"బ్రెవే పరీక్ష పాసయ్యానండి."

"మనుషుల చేత పని చేయించగలవా?"

"పదేళ్ళుగా అదే పనండి."

"రేపట్నుంచి రండి."

లక్ష్మణరావు గడువు సంగతి మింగేసి, "ఆయ్" అన్నాడు. ఉత్తర్వు రాసేటప్పుడు పేరు తేడా బయటపడింది. పిలిచినవాడు రాలేదు, వచ్చినవాడు బాగున్నాడు అనుకుని ఆఫీసరు పాత పేరు కొట్టేశాడు.

గోడ పూర్తిచేసి పెదబాబు లోపలికొచ్చేసరికి పన్నెండైంది.

"అయ్యా, కాండిడేటుని నేనండి," అన్నాడు. ఆ ఉద్యోగం లక్ష్మణరావుకి ఇచ్చేశారని తెలిశాక అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

ఆఫీసరు కిటికీలోంచి గోడ చూశాడు, మనిషిని చూశాడు. "పని శుభ్రంగా ఉంది. లక్ష్మణరావు ఇక కాంట్రాక్టు చెయ్యకూడదు. నువ్వు చేస్తావా?"

బెల్లం కొట్టు గుర్తొచ్చి పెదబాబు తలూపాడు.

వారం తిరక్కుండా లక్ష్మణరావు సంతకంతో అతనికి నోటీసు వచ్చింది: సున్నం పని ఆలస్యానికి సంజాయిషీ ఇవ్వవలెను.